చెప్పి వెళ్ళడం

ఆ ఊళ్ళో మన భాష మాట్లాడేవాళ్ళందరికీ ఆమె పిన్ని. వయసులో ఆమె కంటే పెద్దవాడైన లారీ డ్రైవరు కూడా పిన్నిగారూ అనే పిలుస్తాడు. ఎవరికి పిన్ని, ఎందుకు పిన్ని అని ఎవరూ అడగరు. ముందు వచ్చినవాళ్ళు ఎలా పిలిస్తే తర్వాత వచ్చినవాళ్ళూ అలాగే పిలుస్తారు, అంతే.

దేశం కాని దేశంలో కొత్తగా దిగినవాళ్ళు పెట్టె కూడా విప్పకుండా ఆమె వంటగదిలోకే వస్తారు. ఆమె స్టవ్ దగ్గర నిలబడి టీ కాస్తూ అన్నీ చెబుతుంది. చలికోటు ఇక్కడే కొనుక్కోండి, అక్కడినుంచి మోసుకొచ్చింది ఇక్కడ దిండు గలీబుకి కూడా పనికిరాదంటుంది. ఇంటి ఓనరు నవ్వుతూ చూద్దాం అన్నాడంటే కుదరదని అర్థం, మళ్ళీ అడిగి పరువు పోగొట్టుకోకండి అంటుంది. ఎవరైనా బాగా చదువుకున్నవాడు, అక్కడ నా కింద ఎంతమంది పనిచేసేవారో తెలుసా పిన్నిగారూ అని మొదలుపెడితే, అది తెలీదు గానీ నాయనా, ఇక్కడ గిన్నెలు తోమాల్సింది నువ్వేనని మాత్రం తెలుసు అంటుంది. అందరూ నవ్వుతారు. వాడూ నవ్వుతాడు, కాస్త ఆలస్యంగా.

కానీ వచ్చినవాళ్ళు పసిబిడ్డని ఇంటి దగ్గర వదిలి వచ్చినవాళ్ళైతే ఆమె హాస్యాలాడదు. ఒక్కటే అడుగుతుంది, చెప్పి వచ్చారా అని.

దాదాపు అందరి జవాబూ ఒకటే. నిద్రపోతుంటే వచ్చేశాం పిన్నిగారూ, చూస్తే ఏడుస్తాడని.

అప్పుడామె స్టవ్ వైపు తిరిగిపోతుంది. టీ ఎప్పుడో మరిగి ఉంటుంది, అయినా చెంచాతో కలుపుతూనే ఉంటుంది.

ఈ దేశం రాకముందు ఆమె ఒక్క అక్క కూతురికి తప్ప ఎవరికీ పిన్ని కాదు. అప్పుడామె ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. మైక్రోస్కోపు మీద వంగి కణాలు లెక్కపెట్టి, ఆ లెక్క డాక్టర్లకు పంపేది. భర్త కరెంటు పనివాడు. ఇళ్ళకు వైరింగు చేసేవాడు. ఆయన ముందుగా ఈ దేశం వచ్చి, ఏడాది తిరక్కుండానే ఒక ఆసుపత్రిలో ఆమెకు పని చూశాడు. ఫలానా తారీఖులోగా చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఆమె వీసా కాగితాలు వచ్చాయి, పిల్ల కాగితాలు రాలేదు. ఆర్నెల్లలో వస్తాయన్నారు. వీసాల ఆఫీసులో ఆర్నెల్లంటే ఎంతకాలమో అప్పటికామెకు తెలీదు.

పిల్లకు రెండేళ్ళు దాటి కొన్ని నెలలు. ఏం పెట్టినా రెండు మెతుకులు కొరికి ఎగిరిపోయేది కాబట్టి అందరూ పిచ్చుక అనేవారు. రెండు వీధుల అవతలే అక్క ఇల్లు. అక్కకి పదేళ్ళ కూతురుంది, పిచ్చుక దాని వెనకే తోకలా తిరిగేది. ఆర్నెల్లేగా, నా దగ్గర వదిలిపెట్టు, నా పిల్లతో పాటు ఇంకో పిల్ల అంది అక్క.

ఎలా వెళ్ళాలన్నది కూడా అక్కే చెప్పింది. "అది నిద్రపోయేటప్పుడే వెళ్ళిపో. మెలకువగా ఉంటే అదీ వదల్దు, నువ్వూ కదల్లేవు." ఇందులో వింతేం లేదు. వాళ్ళ ఇళ్ళల్లో అందరూ పిల్లల దగ్గరనుంచి అలాగే తప్పుకునేవారు. పనికి వెళ్ళే తండ్రి పెరటి తలుపు లోంచి పోయేవాడు. ఊరెళ్ళే తల్లి, అదిగో కాకి అని వేలు చూపించి మాయమయ్యేది. పిల్ల ఏడవకపోతే మంచిగా వెళ్ళినట్టే లెక్క.

ప్రయాణం రోజు మధ్యాహ్నం అక్క ఇంట్లో అన్నం తిని పిచ్చుక నిద్రపోయింది. దాని గుప్పిట్లో అమ్మ చున్నీ అంచు ఉంది. ఆమె ఒక్కో వేలూ విడదీసి, చున్నీ లాగేసి, దాని బదులు మడతపెట్టిన చేతి తువ్వాలు పెట్టింది. వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. ఆమె ఊపిరి బిగబట్టి, కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని వీధి గుమ్మం దాకా వట్టికాళ్ళతో నడిచింది. పాతవి అక్క ఇంట్లోనే వదిలేసింది. కారెక్కాక, హమ్మయ్య, లేవలేదు అనుకుంది. ల్యాబులో గాజుపలక మీద రక్తపు చుక్క గీతలు లేకుండా పరుచుకున్నప్పుడు కలిగే తృప్తిలాంటిది ఏదో కలిగింది కూడా. ఆ తృప్తి సంగతి ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఈ దేశంలో ఆమె పని ఆసుపత్రి కింది అంతస్తులో. ఆపరేషన్ గదుల్లోంచి వచ్చిన కత్తెరలు, పట్టకార్లు బ్రష్షుతో తోమాలి. కీళ్ళలో ఏమైనా ఇరుక్కుందేమోనని భూతద్దం దీపం కింద చూడాలి. గుడ్డలో చుట్టి, పైన చారల టేపు అంటించి, ఆవిరి యంత్రంలోకి తొయ్యాలి. బయటికి వచ్చేసరికి టేపు మీది తెల్ల చారలు నల్లబడి ఉంటాయి. మొదటిరోజే పై అధికారిణి చెప్పింది. టేపు నల్లబడితే పొట్లానికి వేడి తగిలిందని మాత్రమే అర్థం, ఆవిరి లోపలిదాకా చేరిందో లేదో లోపల పెట్టిన చిన్న కాగితం ముక్క చెప్పాలి, అది చూడాలంటే పొట్లం విప్పాల్సిందే. ఆమెకు ఆ పని ఇట్టే పట్టుబడింది.

ఇంటికొచ్చి ఫోన్లో పిల్లని చూసుకోవడమే పట్టుబడలేదు. తెరమీద అమ్మ ముఖం కనపడగానే పిచ్చుక ఫోను లాక్కుని వెనక్కి తిప్పి చూసేది. అక్కడ లేకపోయేసరికి ఏడుపందుకునేది. ఫోను పెట్టేశాక ఆ పూట తినేది కాదు, తిన్నది కక్కేది. ఉన్న పిడికెడు మనిషీ సగమైంది. ఫోను మానేద్దామంటే ఇవతల ఈమెకు ప్రాణం నిలవదు.

ఒకరోజు అక్క కూతురు ఫోనెత్తి, పిన్నీ ఎలా ఉన్నావు అంటూ కబుర్లు మొదలుపెట్టింది. సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ మసకగా ఉంది. పక్కనున్న పిచ్చుక ఆ పెద్దపిల్లని చూసి తనూ ఫోనులోకి వంగి, "పిన్నీ" అని కిసుక్కున నవ్వింది. ఆమె వచ్చేశాక పిల్ల నవ్వడం అదే మొదటిసారి.

ఆ ఆలోచన ఆమెదే. అక్కది కాదు, భర్తది అంతకన్నా కాదు. ఏడుపుకి కారణం అమ్మ అన్న మాటైతే ఆ మాట తీసేసి చూద్దాం అనుకుంది. ల్యాబులో అయితే అలాగే చేసేది, ఒక్కటి మార్చి ఏమవుతుందో చూసేది. "అక్కా, కొన్నాళ్ళు నేను దానికి పిన్నినే. దాని ముందు అమ్మ అన్న మాటే ఎత్తకు."

"అదేం మాటే, నా నోరెలా వస్తుంది?"

"ముందు అది తిననీ. పిలుపుదేముంది, నేనొచ్చాక మార్చుకుంటాను."

అక్క రెండ్రోజులు ఒప్పుకోలేదు. మూడోనాడు పిల్ల మళ్ళీ కక్కుకునేసరికి ఒప్పుకుంది. అదిగో పిన్ని ఫోను, పిన్నికి టాటా చెప్పు అనడం మొదలైంది. పిచ్చుక కొన్ని రోజులు అనుమానంగా తెరవంక చూసింది. తర్వాత చూడ్డం మానేసింది. తినడం మొదలుపెట్టింది. బుగ్గలొచ్చాయి. ఫోను చేస్తే తన బొమ్మలు చూపించి, సరే పిన్నీ ఉంటా అని పెద్దమనిషిలా పెట్టేసేది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఎంత సంతోషించారో చెప్పలేం. పని అయిపోయిందనుకున్నారు. రోజుకు ఎన్ని పొట్లాలో చుట్టే మనిషికి కూడా పైన టేపు నల్లబడితే చాలనిపించింది.

పిల్ల కాగితాలు ఒకసారి వెనక్కొచ్చాయి. ఇంకోసారి ఏదో సంతకం తక్కువైందన్నారు. ఆ తర్వాత నిబంధనలు మారాయి. ఆర్నెల్లు మూడేళ్ళయ్యాయి. ఆ మధ్యలో ఎప్పుడో అక్క ఫోను చేసింది. పిచ్చుక నన్ను అమ్మా అంటోందే, పెద్దది అనడం విని అదీ అలవాటు చేసుకుంది, ఎన్నిసార్లు పెద్దమ్మని అని చెప్పినా వినడంలేదు అని ఏడ్చింది. ఈమె నవ్వుతూ, పోనీలే అక్కా, పెద్దమ్మంటే పెద్ద అమ్మేగా, చిన్నమ్మని నేనొచ్చేదాకా నువ్వే చూసుకో అంది. ఫోను పెట్టేశాక గుడ్డలుతికే మెషీను పక్కన, అది ఆగేదాకా నిలబడింది. లోపల బట్టలేమీ లేవు. ఖాళీగానే తిప్పింది, భర్తకు వినపడకూడదని.

కాగితాలు వచ్చాయి. పిచ్చుకని తీసుకుని అక్కే వచ్చింది. నెలరోజులుండి పిల్లకి అలవాటయ్యాక వెళ్ళేటట్టు. దారిపొడవునా అక్క నేర్పుతూనే వచ్చిందట, పిన్ని కాదు, అమ్మ, నీ అమ్మ అని. విమానాశ్రయంలో మోకాళ్ళు దాటే కోటులో ఐదేళ్ళ పిల్ల ఎదురుగా నిలబడి, చేతులు జోడించి, "నమస్తే పిన్నీ" అంది. అక్క వెనకనుంచి భుజం తట్టింది. "నమస్తే అమ్మా" అని దిద్దుకుంది, బళ్ళో పద్యం తప్పుచదివిన పిల్లలా.

ఒక కొట్టు మీద రెండు గదుల ఇల్లు వాళ్ళది. పిల్లకోసం చిన్న మంచం కొని, పిట్టల బొమ్మల దుప్పటి పరిచి ఉంచింది. పిచ్చుక ఆ దుప్పటి మీది పిట్టలన్నింటికీ పేర్లు పెట్టింది గానీ పడుకున్నది మాత్రం అక్క పక్కనే. అక్క ఉన్నంతసేపూ ఈమెను అమ్మా అనేది, నీళ్ళు కావాలమ్మా, తలుపు తియ్యమ్మా అని మర్యాదగా. అక్క స్నానానికి వెళితే పిన్నీ అనేది. ఈమెతో ఆడేది, ఈమె చేత జడ వేయించుకునేది. చుట్టపుచూపుగా వచ్చిన మంచి పిల్లలా ఉండేది. భర్త సంబరపడి, చూశావా, కలిసిపోయింది అనేవాడు.

ఒక సాయంత్రం ఇంటి వెనక పిల్లలాడుకునే చోట పిచ్చుక జారుడుబల్ల మెట్ల మీంచి పడింది. మోకాళ్ళు చెక్కుకుపోయి అమ్మా అని కేక పెట్టింది. పక్కన బెంచీమీద కూర్చున్న అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి లేచి పరుగెత్తారు. ఈమె ముందు చేరింది. పిల్లని ఎత్తి గుండెకు హత్తుకుంది. పిచ్చుక ఆమె భుజం మీంచి రెండు చేతులూ వెనక వస్తున్న అక్క వైపు చాచింది. అక్క వస్తున్నదల్లా ఉన్నచోటే ఆగిపోయింది. తన చేతులు తన మాట వినవేమోనని రెండింటినీ వీపు వెనక్కి పెట్టి పట్టుకుంది. పిల్ల గొంతు చించుకుని ఏడుస్తూనే ఉంది. అక్క అక్కడే నిలబడి ఉంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండా ఈమే నడిచి వెళ్ళి పిల్లని అక్కకి అందించింది.

అక్క తిరుగు ప్రయాణం దగ్గరపడింది. ఈలోపు పిచ్చుకని బళ్ళో వేశారు. భర్త, అక్క కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. పిల్ల బడికి వెళ్ళినప్పుడు అక్క విమానాశ్రయానికి వెళ్ళిపోవాలి. సాయంత్రం వచ్చేసరికి ఉండదు. "రెండ్రోజులు ఏడుస్తుంది. ఆ తర్వాత నిన్ను కాక ఎవర్ని పట్టుకుంటుంది?" అన్నాడు భర్త.

ఆ మాట నిజం. నిజం కాబట్టే ఆమెకు ఆశపుట్టింది. ఇంట్లో ఇంకెవరూ లేకపోతే పిల్ల తన దగ్గరికే వస్తుంది. తనకే అతుక్కుంటుంది. తన కొంగే పట్టుకుంటుంది. సరే అనేసింది కూడా. ఒకరోజంతా ఆ సరే మీదే పనిచేసింది, కత్తెరలు తోముతూ, చుడుతూ.

ఇంటికొచ్చేసరికి అక్క మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఎప్పుడూ అడగనిది ఆమె అప్పుడడిగింది. "అక్కా, నేను వెళ్ళిన రోజు అది లేచి ఏం చేసింది?"

అక్క మడత ఆపకుండానే చెప్పింది. అడిగితే చెబుదామని ఇన్నేళ్ళూ పక్కన పెట్టుకున్నట్టు చెప్పింది. లేచి ఏడవలేదు. చేతిలో తువ్వాలు చూసుకుంది. అది పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ప్రతి తలుపు వెనకా చూసింది, మంచం కింద చూసింది, నీళ్ళ డ్రమ్ము మూత తీయించి చూసింది. తర్వాత నీ పాత చెప్పులు తెచ్చి గడప లోపల పెట్టుకుని వాటి పక్కన కూర్చుంది. ఎవరైనా వాటిని ముట్టుకుంటే అరిచేది. మూడు రోజులు అక్కడే తినిపించాను.

"ఇప్పుడైనా చూడలేదా నువ్వు?" అంది అక్క. "పడుకునేముందు నా కొంగు వేలికి ముడేసుకుంటుంది. ముడి విప్పితే మెలకువ వచ్చేస్తుంది దానికి."

ఆమె చూసింది. నెలరోజులుగా చూస్తూనే ఉంది. అది ప్రేమ అనుకుని అసూయపడింది. పొట్లం విప్పి చూడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది, అక్క చెప్పకుండా వెళ్ళడానికి వీల్లేదని. భర్త ముద్ద కంచంలో పెట్టేశాడు. చేతికందిన పిల్లని చేజేతులా వదులుకుంటున్నావన్నాడు. ఇంత చేసింది దీనికోసమేనా అన్నాడు. చెబితే అది ఇక్కడ ఉంటానంటుందా, ఉండనంటే ఏం చేస్తావు అన్నాడు. ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. పిల్ల ఉండాల్సింది ఇక్కడే, అది మారదు. మారేదల్లా, చెప్తారా మోసం చేస్తారా అన్నదే. చెబితే ఆ ఏడుపు తన కళ్ళముందు జరుగుతుంది, ఆ ఏడుపుకి కారణం తనేనని పిల్లకి తెలుస్తుంది. అక్క మాత్రం, నావల్ల కాదే, చెప్పదల్చుకుంటే నువ్వే చెప్పు అని లేచిపోయింది.

మర్నాడు సెలవు. పొద్దున్నే పిచ్చుకని మెట్లమీదికి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా కూడబలుక్కుంది గానీ నోరు తెరిచేసరికి ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. పెద్దమ్మ వెళుతుంది అంటే పిల్లకి అర్థం కాదు. పిల్లకి అర్థమయ్యే మాట ఒక్కటే.

"పిచ్చుకా, ఎల్లుండి అమ్మ వెళ్ళిపోతుంది."

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. "నేనూ?"

"నువ్వు ఇక్కడ ఉంటావు. నా దగ్గర, నాన్న దగ్గర."

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదురా. నువ్వేమీ చెయ్యలేదు."

పిచ్చుక ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళింది. ఆమె వెనకే వెళ్ళి చూసేసరికి అక్క చెప్పులు రెండూ తీసుకెళ్ళి పిట్టల దుప్పటి కింద దాస్తోంది. అక్క వంటగదిలోంచి చూసి కూడా చూడనట్టు పంపు తిప్పింది. ఆ రెండు రోజులూ అక్క ఇంట్లో వట్టికాళ్ళతోనే తిరిగింది.

విమానాశ్రయంలో పిచ్చుక ఏడ్చిన ఏడుపుకి వరసలో నిలబడ్డవాళ్ళందరూ తిరిగి చూశారు. అక్క కొంగు వేలికి ముడేసుకుంది. అక్కే ఆ ముడి విప్పింది. ఈమె విప్పలేకపోయింది, ఒకసారి విప్పిన చేతులవి. వెళ్ళొస్తానమ్మా అని అక్క గాజు తలుపు దాటింది. తిరిగి చూస్తే ఆగిపోతానని చూడలేదు. పిల్ల నేలమీద కూలబడింది. ఈమె ఎత్తుకోబోతే కాళ్ళతో తన్నింది. అప్పుడామె కూడా పక్కనే నేలమీద చతికిలబడింది, ముట్టుకోకుండా. యూనిఫాం వేసుకున్నతను వచ్చి ఏమైనా సాయం కావాలా అని అడిగాడు. వద్దు, ఏడవనీయండి అంది. భర్త బ్యాగు పట్టుకుని కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు.

తిరిగి వచ్చే బస్సులో పిచ్చుక కిటికీ పక్క కూర్చుంది. మధ్యలో ఒక సీటు ఖాళీ వదిలింది. ఈమె ఆ ఖాళీకి ఇవతల కూర్చుంది. బయట వాన పడుతోంది. చాలాసేపటికి పిల్ల అద్దంలోంచే చూస్తూ అడిగింది.

"పిన్నీ, నువ్వు వెళ్ళేటప్పుడు కూడా చెప్పి వెళతావా?"

నేనెక్కడికీ వెళ్ళను తల్లీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అబద్ధం కాదు. కానీ ఒకప్పుడు, తువ్వాలు పెట్టిన మధ్యాహ్నం, నిద్రపుచ్చుతూ అన్నది కూడా ఆ మాటే. ఇప్పుడు దాన్ని నమ్మమని అడగడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

"చెప్తాను" అంది.

పిల్ల తలాడించి మళ్ళీ వాన చూసింది.

అమ్మా అని పిలవమని ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. బళ్ళో టీచరు, ఈ పాప వాళ్ళ అమ్మ ఎప్పుడొస్తుందండీ అని అడిగితే ఒకటి రెండుసార్లు విడమర్చి చెప్పింది. తర్వాత నేనే చూసుకుంటానండీ అని ఊరుకోవడం నేర్చుకుంది. ఇంటికొచ్చేవాళ్ళు పిచ్చుక నోట పిన్నీ అని విని వాళ్ళూ పిన్నీ అన్నారు. అలా ఊరందరికీ పిన్ని అయింది. పిచ్చుక ఇప్పుడు పొడుగ్గా ఎదిగింది. అక్కకి ఫోను చేసి, అమ్మా ఏం చేస్తున్నావు అంటుంది. తనని కన్నది ఎవరో దానికి బాగా తెలుసు. తెలియడం వేరు, నోటికి రావడం వేరు.

ఆమె పని తెల్లవారుజామున మొదలవుతుంది. పాపం నిద్రపోనీ, చప్పుడు చెయ్యకుండా వెళ్ళు అని మొదట్లో భర్త రోజూ అనేవాడు. ఆమె వినలేదు. మంచం దగ్గరికి వెళ్ళి, భుజం తట్టి లేపి, పిచ్చుకా, వెళ్ళొస్తా అని చెప్పేది. మొదటి నెలల్లో పిల్ల ప్రతి పొద్దునా ఏడ్చేది. మెట్ల దాకా వెంటపడేది. కింది కొట్టువాడు గోల ఆపమని కర్రతో తన పైకప్పుని పొడిచేవాడు. అయినా మర్నాడు మళ్ళీ లేపి చెప్పేది. ఏడుపు మూలుగు అయింది, మూలుగు మాట అయింది.

ఇప్పుడు దుప్పట్లోంచి, కళ్ళు తెరవకుండానే, సరే పిన్నీ అని వినపడుతుంది. గుమ్మం దగ్గర చేతిలో బూట్లు పట్టుకుని ఆమె ఆ మాటకోసమే నిలబడుతుంది. అది వినపడ్డాకే తొడుక్కుంటుంది.